అట్ట లోపలి వియ్యపురాలు

ఉషారాణి చేసేది ఎక్స్‌రే తీసే ఉద్యోగం. అందులో ఒక చిత్రం ఉంది. ఆమె వెతికేది దొరక్కూడదని అవతలి మనిషి ఇష్టదైవానికి మొక్కుకుంటూ ఉంటాడు. పగులు కనపడకూడదు, మచ్చ కనపడకూడదు, గడ్డ కనపడకూడదు. "ఏమీ లేదు" అన్న రెండు ముక్కలు వినడానికే పల్లెల నుంచి ఆటోలు కట్టించుకుని వస్తారు. ఆ రెండు ముక్కలూ చెప్పే అధికారం కూడా ఆమెకు లేదు, డాక్టరుగారే చెప్పాలి. అయినా గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు అందరూ ఆమె మొహంకేసే చూస్తారు. మొహంలో ఏదీ పైకి తేలనివ్వకపోవడం ఆమె ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్య.

పుట్టింది నరసాపురంలో, రేవుకి దగ్గర్లో. తండ్రి జనాన్ని గోదావరి దాటించే పంటు మీద పనిచేసేవాడు. తల్లి మరిడమ్మ ఆ వీధిలో మిగతా ఆడవాళ్లలాగే లేసు అల్లేది. ఉషారాణి చిన్నప్పుడు ఒకరోజు ఆ తల్లి అరచేతిలో కుట్టుసూది దిగి, మొన లోపలే విరిగిపోయింది. చెయ్యి బూరెలా వాచింది. పసుపు పట్టు వేయమని ఒకరు, వేపాకు కట్టమని ఒకరు. అవన్నీ అయ్యాక ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడ చెయ్యికి ఫొటో తీశారు. వెలుతురు పెట్టె మీద ఆ ఫిల్మ్ పెట్టినప్పుడు ఉషారాణి తల్లి కొంగు పట్టుకుని చూసింది. పొగలాంటి చెయ్యి, అందులో తెల్లటి ఎముకలు, బొటనవేలి కింద బియ్యపుగింజంత గీత.

"అదిగో సూది," అన్నాడు ఫొటో తీసినాయన.

అంతసేపూ పంటి బిగువున నొప్పి ఓర్చుకున్న మరిడమ్మ ఆ గీత చూడగానే "హమ్మయ్య" అంది. సూది ఇంకా లోపలే ఉంది. కనపడినందుకే ఆమెకు సగం ప్రాణం లేచొచ్చింది. ఆ పని చేసినాయన చేతిలో ఏదో మంత్రం ఉందనిపించింది పిల్లకి.

ఇంటర్ అయ్యాక స్నేహితురాళ్లంతా టీచరు ట్రైనింగు, నర్సింగు అంటుంటే, తను కాకినాడ వెళ్లి ఎక్స్‌రే కోర్సు చదువుతానంది. "ఆ కిరణాలు గట్రా తగిల్తే పిల్లలు పుట్టరంటే!" అని మేనత్త భయపెట్టింది. చదువు ఆగలేదు, తర్వాత పిల్లలూ ఇద్దరు పుట్టారు. భీమవరంలో డాక్టర్ ఉదయభాస్కర్ గారి స్కానింగు సెంటరులో చేరిన కొత్తల్లో పనంతా చీకటి గదిలోనే. ఎర్రబల్బు వెలుతురులో ఫిల్ములు మందునీళ్లలో ముంచి, కడిగి, తాడు మీద బట్టల్లా ఆరేసేవారు. ఆ మందుకి గోళ్లు గోధుమరంగుకి తిరిగేవి. ఇంటికొచ్చి ఎన్నిసార్లు చేతులు కడిగినా అన్నం ముద్దలో ఆ వాసనే. తర్వాత కంప్యూటర్లొచ్చాయి, చీకటి గది సామాన్ల గదయింది, గోళ్లు మామూలు రంగుకొచ్చాయి.

భర్త గణేష్‌బాబు కూడా ఆ సెంటరులోనే దొరికాడు. అప్పట్లో అంబులెన్సు నడిపేవాడు. స్ట్రెచరు మీంచి మనిషిని టేబులు మీదకి మార్చేటప్పుడు తలవైపు తనూ, కాళ్లవైపు ఆమే పట్టుకునేవారు. "అలా మోసీ మోసీ మనసులు కలిసిపోయాయండి," అని ఇప్పటికీ అడిగిన వాళ్లకీ అడగని వాళ్లకీ చెబుతుంటాడు.

కొన్నేళ్ల కిందట డాక్టరుగారు ఒక బస్సు కొన్నారు. సీట్లన్నీ పీకించి, లోపల ఏసీ పెట్టించి, ఆడవాళ్లకి రొమ్ము పరీక్ష చేసే మామోగ్రామ్ మిషను బిగించారు. పట్నానికి రాలేని వాళ్ల దగ్గరికి మిషనే వెళ్లాలని ఆయన ఆలోచన. బస్సు నడిపేది గణేష్‌బాబు, లోపల మిషను నడిపేది ఉషారాణి. ఏ ఊరెళ్లినా మొదట మగవాళ్లు బస్సు చుట్టూ మూగుతారు. "ఇక్కడ ఓటుకి నోట్లేం పంచట్లేదండి, దయచేసి ఎళ్లండి," అని గణేష్‌బాబు వాళ్లని సాగనంపుతాడు. ఆడవాళ్లని లోపలికి రప్పించడం ఉషారాణి వంతు. సిగ్గుపడేవాళ్లతో ముందు చేపల పులుసు గురించి మాట్లాడుతుంది. ఆ మాటల్లోనే పరీక్ష అయిపోతుంది.

అలా ఒకసారి ఉండి అనే ఊరు దాటాక, చేపల చెరువుల మధ్యనున్న ఒక ఊళ్లో క్యాంపు పెట్టారు. కోడలికి తోడుగా వరలక్ష్మమ్మగారని ఒక పెద్దావిడ వచ్చారు. ఎనభై దాటిన మనిషి. నేత చీర, చెవులకి రవ్వల దుద్దులు, కంటి ఆపరేషను అయ్యాక పెట్టుకున్న కళ్లద్దాలు. కోడలి పరీక్ష అవుతున్నంతసేపూ ఆవిడ బస్సు మెట్ల దగ్గర కుర్చీలో కూర్చుని మిషనుని వధువుని చూసినట్టు పైనుంచి కిందకి చూశారు. అంతా అయ్యాక అడిగారు.

"ఏంటమ్మాయ్, లోపల ఆవగింజంత గడ్డున్నా ఇది పట్టేస్తుందంట కదా?"

"ఆయ్, పట్టేస్తుందండి."

"అయితే అట్టలోపల అక్షరాలుంటే పడుతుందా?"

ఉషారాణి వేళాకోళం అనుకుంది. కానీ ఆవిడ మొహంలో వేళాకోళం లేదు. కోడలు కూడా నవ్వలేదు. "మా అత్తగారికి ఎప్పణ్ణించో అదే ధ్యాసండి," అని మాత్రం అంది.

క్యాంపు ముగిశాక వాళ్లింటికి టీకి వెళ్తే సంగతి తెలిసింది. వరలక్ష్మమ్మగారికి ఏడేళ్లు నిండకుండానే తల్లి పోయింది. ఆ తల్లికి ఫొటో ఒక్కటీ లేదు. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ల నాయనమ్మ నమ్మకం. తల్లి గురించి ఊళ్లో పెద్దవాళ్లంతా చెప్పేది ఒకే మాట, "నోట్లో నాలుక లేని మనిషి" అని. అత్తగారి ఎదట పెదవి విప్పేది కాదట. కానీ మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక వసారాలో కూర్చుని ఏవో రాసుకునేది. సిరా కూడా తనే కాచుకునేది. ఒకరోజు ఆ రాసిన కాగితాలన్నీ తెచ్చి, ఇంట్లో ఒక పాత పురాణ పుస్తకానికి అట్టలు ఊడిపోతే, ఆ కాగితాలతోనే కొత్త అట్టలు కట్టింది. మధ్యలో దళసరి అట్ట, దానికి అటూ ఇటూ తను రాసిన కాగితాలు, వాటిపైన క్యాలెండరు కాగితం. పక్కన కూర్చుని జిగురు చిప్ప పట్టుకున్నది వరాలే, అంటే చిన్నప్పటి వరలక్ష్మమ్మగారే.

"యుద్ధం రోజులు, కాగితం దొరికేది కాదు. అందుకు కట్టిందో, ఇంకెందుకు కట్టిందో నాకేం తెలుసు?" అన్నారు వరలక్ష్మమ్మగారు. "దేవుడి పాటలై ఉంటాయి. మంగళహారతులు. ఏదో ఒకటి ఆవిడ చేత్తో రాసింది నేను చదవాలి కదా అమ్మాయ్, పోయేలోపు."

ఆవిడ కొడుకు గోపాలరాజు గారు ఊరుకోలేదు. రాజమండ్రిలో పుస్తకాలు బైండు చేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్లారు. ఆయన ఒక మూల ఆవిరి పట్టి లేపబోతే కాగితం తడిసిన అప్పడంలా చేతికొచ్చింది, సిరా కారిపోయింది. ఆయన భయపడి, "నా వల్ల కాదండి, ఇంక ముట్టుకోకండి," అని తిరిగి ఇచ్చేశాడు.

అట్టలు రెండూ పుస్తకం నుంచి ఎప్పుడో ఊడిపోయి, చీరముక్కలో చుట్టి ఉన్నాయి. ఉషారాణి ఒకటి చేతిలోకి తీసుకుంది. పైన క్యాలెండరు మీది లక్ష్మీదేవి బొమ్మ వెలిసిపోయి ఉంది. ఏం ఆలోచించిందో ఏమో, "నేను చూస్తానండి," అనేసింది.

"తీసుకెళ్లు. ఒకటి నీ దగ్గర, ఒకటి నా దగ్గర," అన్నారు ముసలావిడ. నమ్మకం నమ్మకమే, జాగ్రత్త జాగ్రత్తే.

మర్నాడు సెంటరులో జనం పల్చబడ్డాక, ఛాతీకి ఎముకలకి వాడే పెద్ద మిషను కింద అట్ట పెట్టి చూసింది. తెర మీద నల్లటి చదరం తప్ప ఏమీ రాలేదు. కిరణాల బలం ఎంత తగ్గించినా అంతే. ఎముకని దాటి పోవడానికి తయారైన కిరణాలకి కాగితం ఒక లెక్కా? తమలపాకు మీదుగా లారీ పోయినట్టు పోయాయి. "ఏమీ లేదు," అనుకుంది ఉషారాణి. రోజూ ఎదుటివాళ్లకి అమృతంలా వినిపించే ఆ మాట ఆమెకి మొదటిసారి చేదుగా తగిలింది.

ఆ వారమంతా ఆ చేదు పోలేదు. వరలక్ష్మమ్మగారికి ఫోను చేసి ఎలా చెప్పాలా అని వాయిదా వేస్తూ వచ్చింది. ఒక పొద్దున బస్సులో మిషను పరీక్ష చేస్తోంది. ఆ పరీక్షకి ఒక మైనపు దిమ్మ ఉంటుంది. అందులో వెంట్రుకల్లాంటి పోగులు, ఇసక రేణువుల్లాంటి చుక్కలు పొదిగి ఉంటాయి. రోజూ ముందు ఆ దిమ్మని ఫొటో తీసి, పోగులూ చుక్కలూ కనపడితేనే మిషను సరిగ్గా ఉన్నట్టు. ఏళ్లుగా చేస్తున్న పనే. ఆ రోజు మాత్రం తెర మీద ఆ సన్నటి పోగులు చూస్తూ అలాగే ఉండిపోయింది. ఈ మిషను ఎముకల కోసం పుట్టింది కాదు. మెత్తటి మాంసంలో మెత్తటి గడ్డని విడదీసి చూపడానికి పుట్టింది. దీని కిరణాలు చాలా బలహీనం. కాగితానికి కావలసింది ఇదే కదా!

వెంటనే వరలక్ష్మమ్మగారికి ఫోను చేసింది. "అమ్మగారూ, మీ అమ్మగారు సిరా దేంతో కాచేవారో గుర్తుందాండి?"

"గుర్తులేకపోవడమేంటి? కరక్కాయలు దంచి నానేసి, ఇనప మూకుట్లో కాచేది. కిందకి దించి అన్నభేది కలిపేది. ఆకుపచ్చగా పటికలా ఉంటుంది చూడు, అదీ. నాలిక్కి తగిలితే తుప్పు రుచి."

తుప్పు రుచి అన్న మాటకి ఉషారాణి కుర్చీలోంచి లేచిపోయింది. తుప్పంటే ఇనుము. ఇనుమైతే ఈ కిరణాలకి ఎంతో కొంత ఆగుతుంది.

డాక్టరుగారి దగ్గరికెళ్లి చెప్పింది. ఉదయభాస్కర్ గారు ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. ఆ రోజు మాత్రం చేతిలో ఫైలు పక్కన పెట్టేశారు. "పై దేశాల్లో పాత కాగితాలు ఇలా చదువుతున్నారని ఎక్కడో చదివానండి. మన మిషను మీద అవుతుందో లేదో నాకూ తెలీదు. పేషెంట్లందరూ అయ్యాక పెట్టండి. నన్ను పిలవకుండా మాత్రం పెట్టకండి."

మధ్యాహ్నం సెంటరు ఆవరణలో బస్సు ఆపి, ముగ్గురూ లోపలికి చేరారు. గణేష్‌బాబు తనకేం సంబంధం లేకపోయినా చెప్పులు బయటే విప్పి వచ్చాడు. ఉషారాణి అట్టని పళ్లెం మీద పెట్టి, కిరణాల బలం మిషను ఒప్పుకున్నంత కిందకి దించి, మీట నొక్కింది.

తెర మీద మొదట బూడిదరంగు పొగ. ఉషారాణి వెలుగునీడలు సవరించింది. లక్ష్మీదేవి బొమ్మ ఎక్కడా లేదు. తిథులూ వారాలూ లేవు. అచ్చు సిరా మసితో చేసేది. మసి ఈ కిరణాలకి అడ్డమే కాదు. అది మాయమై, దాని కిందనుంచి, పలక మీద బలపంతో రాసినట్టు, తెల్లటి అక్షరాలు పైకి వచ్చాయి.

"అయిబాబోయ్," అన్నాడు గణేష్‌బాబు.

అక్షరాలైతే వచ్చాయి గానీ ఒక్క ముక్క చదవడానికి లేదు. అట్టకి అటు పక్క కాగితం, ఇటు పక్క కాగితం ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చీమలబారు మీద ఇంకో చీమలబారు నడుస్తున్నట్టుంది. పైగా అడ్డంగా, వంపులు తిరిగిన వెడల్పాటి చారలేవో ఉన్నాయి. అవేమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

"పొరలు తీయండి," అన్నారు డాక్టరుగారు.

ఆ మిషనులో ఒక సదుపాయం ఉంది. మిషను తల అటూ ఇటూ కదిలిస్తూ వరసగా ఫొటోలు తీసి, లోపలి భాగాన్ని పొరలు పొరలుగా విడదీస్తుంది. గడ్డ ఏ లోతులో ఉందో చూడ్డానికి పెట్టింది. ఉషారాణి అలా తీసి, ఒక్కో పొరా కిందకి దిగుతూ పోయింది. ఒక పొర దగ్గర సగం అక్షరాలు అలుక్కుపోయాయి, సగం తేటపడ్డాయి. అయినా అదేదో తెలియని భాషలా ఉంది. నిమిషం తర్వాత ఆమెకే తట్టింది: కాగితం బోర్లా అంటించారు, అక్షరాలు అద్దంలోలా తిరగబడ్డాయి. కంప్యూటరులో బొమ్మని తిప్పింది.

ముగ్గురూ ఒకేసారి చదివారు. "వియ్యపురాలు."

మిగతాది కూడబలుక్కుంటూ చదవడానికి చాలాసేపు పట్టింది. పదాల మధ్య ఎడం లేదు, కొన్నిచోట్ల ఆ చారలు అక్షరాలని మింగేశాయి. గణేష్‌బాబు కాగితం తీసుకుని దొరికిన ముక్క దొరికినట్టు రాశాడు. చివరికి ఇలా వచ్చింది:

వియ్యపురాలొచ్చింది వీధరుగు నిండా
విస్తరేసే వేళకి విసుగంట ఆమెకు
బూరెలొద్దు గారెలొద్దు పులిహోర ఒద్దంది
ఒద్దొద్దనుకుంటూనే ఒడి నింపుకుంది

చదవడం అయ్యేసరికి డాక్టరుగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నారు. ఏడుపు కాదు, నవ్వు. "ఉషారాణి గారూ, రిపోర్టు ఏమని రాద్దాం? అట్టలోపల వెటకారం కనపడింది, ప్రమాదకరమైనది కాదు, అని రాసేద్దామా?"

అటు పక్క కాగితం మీద ఇంకో పాట ఉంది. అది వియ్యంకుడి మీద:

నల్లమీసాలయ్య నాలుగే ముద్దలకు
తెల్లమీసాలయ్యె చూడరమ్మా
పెరుగన్న మాయెనో పెద్దవయసాయెనో
పెళ్లిపెద్దలు తీర్పు చెప్పరమ్మా

ఉషారాణి కూడా నవ్వింది గానీ, ఇంటికి వెళ్లేటప్పుడు దిగులు పట్టుకుంది. ముసలావిడ మంగళహారతుల కోసం ఎదురు చూస్తోంది. తల్లిని దేవతలా మనసులో పెట్టుకున్న మనిషి. ఆమె దగ్గరికి ఈ పెళ్లివారి వెక్కిరింతలు పట్టుకెళ్తే ఏమంటుందో?

"ఏమంటుంది? వాళ్లమ్మే కదా రాసింది, మనమేం కల్పించలేదు కదా," అన్నాడు గణేష్‌బాబు.

ఆదివారం ఇద్దరూ బండి మీద వెళ్లారు. బొమ్మల్ని పెద్ద కాగితాల మీద ప్రింటు తీయించింది ఉషారాణి. వీధి గుమ్మంలోనే వరలక్ష్మమ్మగారు ఎదురయ్యారు. ఏమీ అడగలేదు. అందరిలాగే ఆవిడ కూడా ఉషారాణి మొహంకేసి చూశారు.

"కనపడిందండి," అంది ఉషారాణి. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఆ మాట నోరారా చెప్పడం ఉద్యోగంలో చేరాక ఆమెకి అదే మొదలు.

మంచం మీద కాగితాలు పరిచారు. ముసలావిడ కళ్లద్దాలు సర్దుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదువుకుంటూ వెళ్లారు. పెదవులు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు. రెండో పాట చివరికంటా చదివి, మళ్లీ మొదటికొచ్చి చదివారు. గోపాలరాజు గారూ, ఆయన భార్యా గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఉషారాణికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఒద్దొద్దనుకుంటూనే ఒడి నింపుకుందంట," అన్నారు వరలక్ష్మమ్మగారు మెల్లగా. తర్వాత భుజాలు కదలడం మొదలయింది. నవ్వు. ముందు లోపల్లోపల, ఆ తర్వాత గట్టిగా, పొట్ట పట్టుకుని, కళ్లంట నీళ్లు కారేదాకా.

"నోట్లో నాలుక లేని మనిషన్నారు కదర్రా అందరూ! ఇంత నాలుకుంది! ఇదిగో, ఇంత! ఎక్కడ దాచిందర్రా ఇదంతా?"

"అట్టలో దాచిందండి," అన్నాడు గణేష్‌బాబు. దాంతో ఆవిడకి నవ్వు ఇంకా ఎక్కువయింది.

నవ్వు తగ్గాక ఉషారాణి ఆ వంపు చారల సంగతి అడిగింది. అక్షరాలకి అడ్డంగా, ఎడమ నుంచి కుడికి, పక్కపక్కనే మూడు చారలు, కాస్త ఎడంగా అక్కడక్కడా మాత్రమే తగిలిన నాలుగోది. "ఇవేంటో మాకు అర్థం కాలేదండి. వీటి వల్లే కొన్ని అక్షరాలు పోయాయి."

ముసలావిడ చాలాసేపు చూశారు. "జిగురు ఇది. చింతగింజల జిగురు. పురుగు పట్టకుండా దాంట్లో మైలుతుత్తం నూరి కలిపేది. కుంచె అదీ లేదు, చేత్తోనే పూసేది." మైలుతుత్తంలో రాగి ఉంటుంది, కిరణాలు దానికీ ఆగాయన్నమాట. ఉషారాణి ఆ మాట చెప్పబోయి ఊరుకుంది. ఎందుకంటే వరలక్ష్మమ్మగారు తన కుడిచెయ్యి ఆ చారల మీద ఆనించారు. చూపుడు వేలు ఒక చార మీద, నడిమి వేలు ఒకదాని మీద, ఉంగరపు వేలు ఒకదాని మీద. చిటికెన వేలు మాత్రం కాగితానికి తగలకుండా పైకి లేచి నిలబడింది.

"అత్తయ్యగారిదీ అంతేనండి," అంది కోడలు గుమ్మంలోంచి. "అన్నం కలిపేటప్పుడు కూడా ఆ వేలు పైకే ఉంటుంది. మా అమ్మాయిదీ అంతే."

ముసలావిడ చెయ్యి అక్కడినుంచి తియ్యలేదు. కాసేపటికి, "ఫొటో లేదని ఇన్నాళ్లూ ఏడ్చాను," అన్నారు. అని, కోడలికేసి తిరిగి, "వీళ్లకి ఇంకా టీ పెట్టలేదేంటి?" అని కసిరారు.

ఆ రోజు రెండో అట్ట కూడా ఇచ్చి పంపారు. "రెండూ నీ దగ్గరే ఉంచుకో, తొందరేం లేదు," అన్నారు. రెండో అట్టలో ఒక కాగితం పూర్తిగా పురుగు తినేసి ఉంది. తెర మీద జల్లెడలా కనపడింది, ఒక్క పాదం కూడా నిలబడలేదు. రెండో కాగితం మాత్రం బాగానే ఉంది. అది పెళ్లి పాట కాదు.

వరాలు తల్లికి వంకాయ కూరొద్దు
బీరకాయొద్దంట పప్పొద్దంట
బెల్లమ్ముక్కిస్తేనే బువ్వ తింటాదంట

నాలుగో పాదం మీద జిగురు గట్టిగా పడింది. ఉషారాణి అట్టని వంచి, తిప్పి, ఇంకా బలం తగ్గించి, ఎన్ని రకాలుగా తీసినా "బెల్లానికి" అన్న ఒక్క మాట దాటి ముందుకు పోలేదు. డాక్టరుగారు కూడా ఒక సాయంత్రం కూర్చుని చూసి తల అడ్డంగా ఊపారు. ఈసారీ తనే అట్టలు పట్టుకెళ్లి, బొమ్మ చూపించింది. దొరకని పాదం గురించి తనే తప్పు చేసినట్టు చెప్పుకొచ్చింది.

"పోన్లే అమ్మాయ్," అన్నారు వరలక్ష్మమ్మగారు. ఆ మూడు పాదాలూ అప్పటికే నోటికి వచ్చేశాయి. "నాకు బెల్లం పిచ్చి ఉన్న మాట నిజమే. దొంగతనంగా తిని దెబ్బలు కూడా తిన్నాను. ఇంత మాత్రం తెలిస్తే చాలదూ?" ఆవిడ అట్టలు రెండూ పుచ్చుకుని చీరముక్కలో చుట్టలేదు. దేవుడి గదిలోనూ పెట్టలేదు. తలగడ పక్కన పెట్టుకున్నారు.

ఆ ఏడాదే మాఘంలో ఆవిడ మనవరాలు శ్రీసత్య పెళ్లి కుదిరింది. ఉషారాణికీ గణేష్‌బాబుకీ శుభలేఖ ఇవ్వడానికి గోపాలరాజు గారే సెంటరుకి వచ్చారు. డాక్టరుగారికి కూడా ఒకటి ఇచ్చి, "అమ్మ మరీ మరీ చెప్పమందండి, ఆ రోజు క్యాంపు పెట్టుకోవద్దని," అన్నారు.

భీమవరంలో ఫంక్షను హాలు. పెళ్లి అయి భోజనాల బంతి నడుస్తోంది. మైకు దగ్గర పాటల ట్రూపు వాళ్లు కాస్త ఆగగానే, శ్రీసత్య స్నేహితురాళ్లు నలుగురు వరలక్ష్మమ్మగారిని చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించారు. "మా అమ్మ పాట ఒకటి పాడతాను. వియ్యాలవారు ఏమీ అనుకోకూడదు. ఒకవేళ అనుకుంటే మా అమ్మనే అనుకోండి," అని మొదలుపెట్టారు. వణికే గొంతే, అయినా వరస పట్టుబడింది. వరస ఎవరూ నేర్పింది కాదు; కాగితం మీద అక్షరాలు ఎంత చూసినా వరస కనపడదు. ఊళ్లో పాత అప్పగింతల పాట వరసే ఆవిడ దీనికి అతికించారు. "ఒడి నింపుకుంది" దగ్గర ఆడపిల్లలంతా అందుకున్నారు. హాలు హాలంతా ఒక్కసారి పెళ్లికొడుకు తల్లికేసి తిరిగింది. ఆవిడ సరిగ్గా అప్పుడే రెండో బూరె విరుస్తోంది.

ఉషారాణి విస్తరి ముందునుంచి లేచి నిలబడింది. ఈ కాలంలో ఇలాంటి పాటలకి అలవాటు పడిన వాళ్లెవరున్నారు? మాట పట్టింపు వస్తే?

పెళ్లికొడుకు తల్లి బూరె ముక్క విస్తట్లో పెట్టి, చెయ్యి కడుక్కుని, నెమ్మదిగా వేదిక దగ్గరికి నడిచింది. మైకు అందుకుంది. "పాట చాలా బాగుందండి. మరి మీవైపు నుంచే పాడితే ఎలా? మాకూ ఒకటి ఉండాలి కదా? మాకు పాటలు రాసిపెట్టిన అమ్మమ్మలెవరూ లేరు. అంచేత మామ్మగారూ, మమ్మల్ని తిట్టింది చాలు. ఇప్పుడు మావైపు నుంచి మీ వాళ్లని తిట్టి ఒకటి రాసిపెట్టండి. అప్పటిదాకా అమ్మాయిని తీసుకెళ్లం."

హాలంతా చప్పట్లు. గోపాలరాజు గారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. వరలక్ష్మమ్మగారు మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పెన్నుందా ఎవరి దగ్గరైనా?" అన్నారు.

గణేష్‌బాబు జేబులోంచి పెన్ను తీసి పరుగున వెళ్లి ఇచ్చాడు. రాయడానికి కాగితం కనపడక ఎవరో శుభలేఖ కవరు ఇచ్చారు. ఆవిడ కుర్చీలో కూర్చుని, కవరు మోకాలి మీద పెట్టుకుని, కొడుకు కేసి ఒకసారి చూసి, ఏదో తట్టినట్టు నవ్వుకుని, రాయడం మొదలెట్టారు. "చేపల చెరువుగట్టు చిన్నరాజుగారికి" అని మొదటి పాదం పైకి చదివేసరికి రెండు వైపుల వాళ్లూ విరగబడి నవ్వారు. రెండో పాదం కోసం అందరూ ఆవిడ చుట్టూ చేరారు.

ఉషారాణికి గుంపులోంచి ఏమీ కనపడలేదు. మునివేళ్ల మీద నిలబడి చూడబోతే డాక్టరుగారు పక్కనుంచి, "మీకు కనపడకపోతే ఇంకెవరికి కనపడుతుందండి," అన్నారు. ఆమె నవ్వి వెనక్కి వచ్చి, తన విస్తరి ముందు కూర్చుంది. గారెలు ఇంకా వేడిగానే ఉన్నాయి. వద్దనకుండా రెండు వేయించుకుంది.